మూసీకి దక్షిణపు గట్టున చదువు: హైదరాబాదు విద్యార్థి వసతిగృహముల చరిత్రము, మన కర్తవ్యము

ఈ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు సంచికకు విద్యావిషయమునుగూర్చి యొక చరిత్రవ్యాసము వ్రాసి పంపుమని కార్యదర్శిగారు కోరిరి. మన సభలలో విద్యనుగూర్చి ఉపన్యసింపని వక్త లేడు. ప్రతివత్సరము తీర్మానములలో మొదటిది విద్యయే. కాని ఉన్నత పాఠశాలలో తరగతి కెల్ల ముందుండు పిల్లవాడు కళాశాల గడపవరకు వచ్చి యేల నిలిచిపోవుచున్నాడు? వానిని ఆ గడప దాటించుటకై ఈ నగరమున మన పూర్వులును, ఇతర కులముల పెద్దలును ఏమేమి చేసిరి? చేసినదానిలో ఏది నిలిచెను? ఈ ప్రశ్నలు కరతాళధ్వనులలో వినబడుట లేదు. వానికి నాకు తెలిసినంత సమాధానము వ్రాయుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము. పాతనగరమున పుట్టి పెరిగినవాడను గాన చార్మినారు చుట్టుపట్ల విషయములు కొంచెమెక్కువగా వచ్చినచో చదువరులు క్షమింతురుగాక.

మూసీకి దక్షిణమున, పాతనగరమునందు, క్రొత్తరీతి విద్య మొదలిడినది 1856వ సంవత్సరమున. ఆ యేట మొదటి సాలార్‌జంగు దారుల్ ఉలూమ్ అను పాఠశాలను స్థాపించెను. అందు అరబ్బీ, పారసీ విద్యలు ప్రధానములు. అక్కడి విద్యార్థులు పంజాబు విశ్వవిద్యాలయమువారి ప్రాచ్యవిద్యా పరీక్షలకు కూర్చుండెడివారు. 1873లో అదే దివాను తన కుమారులకును, అమీరుల బిడ్డలకును మదరసా ఎ ఆలియాను ఏర్పరచెను. 1887లో అదియు, హైదరాబాదు కళాశాలయు ఏకమై నిజాం కళాశాల అయ్యెను. అది నదికి ఆవలిగట్టున వెలసినది. మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా 1947 వరకు సాగినది. ఈ విధముగా దేవిడీలలోని పిల్లలకు త్రోవ యేర్పడినది. శాలిబండలో, గౌలిపురాలో, లాల్‌దర్వాజాలో కులవృత్తులు చేసికొని బ్రతుకు తెలుగు కుటుంబములకు ఆ త్రోవ కంటికి కనబడుచుండినను కాలికి అందలేదు.

ఆ కాలమున ఒక కులమువారు తమ పిల్లలకై తామే పాఠశాల పెట్టుకొనిన దృష్టాంతము పాతనగరముననే కలదు. దఫ్తరులలో తరతరములుగా కొలువులు చేసిన కాయస్థ కుటుంబములవారి పోషణమున యాకుత్‌పురాలో ధర్మవంత్ పాఠశాలయు, ముఫీదుల్ అనాం పాఠశాలయు నడచినవి. రాజుల కొలువునకు పారసీ చాలినంతకాలము వారికి ఇంటి చదువే చాలెను. దఫ్తరు భాష మారి, పరీక్షాపత్రము లేనిదే కొలువు దొరకని దినములు వచ్చినపుడు వారు మేలుకొనిరి. అందు విశేషమేమనగా, ఆ పాఠశాల తలుపు తమ కులమునకు మాత్రమే తెరచి ఉంచలేదు. హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారు బాల్యమున చదివినది ధర్మవంత్, ఎక్సెల్సియరు పాఠశాలలలోనే. కల్వకుర్తి ప్రాంతమున పుట్టిన ఆ తెలుగు బాలుడు 1915లో మెట్రిక్యులేషను ముగించి, పూనా ఫెర్గూసను కళాశాలకు పోయెను. కాయస్థులు పెట్టిన బడిలో చదివిన తెలుగు బాలుడు 1952లో ముఖ్యమంత్రి యగుట చూచినపుడు, తమ వారికే యని వెచ్చించిన ధనము తమ వారికే చెందునను లెక్క ఎంత పొరపాటో తెలియగలదు.

పూనాకేల పోవలెను అని నేటి పిల్లలు అడుగవచ్చును. ఉత్తరము చెప్పుటకు ఆనాటి చదువు నడచిన తీరు కొంచెము వివరింపవలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టకముందు ఈ నగరమున కళాశాల యన్న నిజాం కళాశాలయే. అందు చేరుటకు ఇంగ్లీషులో మెట్రిక్యులేషను కావలెను. అచ్చట తావు దొరకనివారును, వ్యయమునకు ఓర్వలేనివారును పూనాకో, మద్రాసుకో పోవలసి వచ్చెడిది. పోవుటకు రైలు ఖర్చు, అచ్చట భోజనము, గది, పుస్తకములు. వీనికి తోడు మరియొక చిక్కు. మన రాజ్యమున చెల్లునది హాలీ సిక్కా. ఆవల చెల్లునది కల్దారు. ఏడు హాలీ రూపాయ లిచ్చిన ఆరు కల్దారు రూపాయలు. కాబట్టి తండ్రి యింటివద్ద లెక్కించిన నూరు రూపాయలు పూనా చేరునప్పటికి ఎనుబదియైదు, ఎనుబదియారు అగుచుండెను. మాటవరుసకు చెప్పు సంగతి గాదిది. పేదవాని కుమారుడు నెలాఖరున భోజనశాలకు బాకీ పడుటకు ఈ వట్టమే చాలును.

1917లో ఫర్మాను వెలువడి, 1918లో స్థాపితమై, 1919 ఆగస్టు 28న తరగతులు ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఈ దూరమును తగ్గించినది. మొదటి యేట ఇంటర్మీడియెటునందు చేరినవారు 225 మంది. బోధనాభాష ఉర్దూ. దేశభాషలో ఉన్నతవిద్య గరపవచ్చునని లోకమునకు చూపినది ఆ విద్యాలయమే యని పొగడుట న్యాయము. ఆ దేశభాష రాజ్యమునందలి ప్రజలలో అధికసంఖ్యాకుల భాష కాదని చెప్పుటయు న్యాయమే. తెలుగు పల్లె నుండి వచ్చిన పిల్లవాడు గణితములో ఎంత చురుకైనను ఉర్దూలో ప్రశ్న అర్థమగుటకే రెండేండ్లు పట్టెడిది. ఈ ఒక్క విషయమున పాతనగరపు తెలుగు పిల్లలు అదృష్టవంతులు. ఇంట తెలుగు, వీథిలో ఉర్దూ. పత్తర్‌గట్టీ అంగళ్లలో తండ్రివెంట తిరిగినవాడు ఎనిమిదవ యేటికే రెండు భాషలు నేర్చియుండును. 1921లో మూసీ గట్టున, ఉన్నతన్యాయస్థానము ప్రక్కన, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ నిర్మించిన భవనములోనికి సిటీ హైస్కూలు మారెను. అదే సంవత్సరము అందు ముప్పదిమందితో ఇంటర్మీడియెటు తరగతి తెరువబడెను. 1929లో అది సిటీ కళాశాల యయ్యెను. నదిని దాటకయే కళాశాల మెట్లు ఎక్కగల అవకాశము పాతనగరమునకు ఆ యేటనే దక్కినది.

ధనసహాయ మన్నది ఆనాడు ప్రభువు దయ. ప్రతిభ గలవారికి వజీఫా నిచ్చు ఆచారము ఆసఫ్‌జాహీ ప్రభుత్వమునకు లేకపోలేదు. అఘోరనాథ ఛట్టోపాధ్యాయులవారి కుమార్తె సరోజిని పండ్రెండవ యేట మద్రాసు మెట్రిక్యులేషనునందు ప్రథమస్థానమున ఉత్తీర్ణురాలై, 1895లో నిజాము ప్రభువు వజీఫాతో ఇంగ్లండునకు పోయి కింగ్సు కళాశాలలోను, గిర్టను కళాశాలలోను చదివినది. ఇతర సంస్థానములందును ఇట్టి దాతృత్వము కలదు. బరోడా ప్రభువు సయాజీరావు గాయక్వాడు 1913లో నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేండ్లు ఇచ్చుటకు ఒప్పుకొని భీమరావు అంబేడ్కరును అమెరికాలోని కొలంబియాకు పంపెను. తిరిగివచ్చి పదియేండ్లు బరోడాలో కొలువు చేయవలెనని ఒప్పందము. ఆ పదకొండున్నర పౌండ్ల ఫలమును భారతదేశము నేటికిని అనుభవించుచున్నది. అయినను ఇట్టి వజీఫా దొరకుటకు అర్జీ వ్రాయుట తెలియవలెను, అర్జీ మోసికొని పోవువాడు కావలెను, దేవిడీ వాకిట సిఫారసు కావలెను. సరోజిని తండ్రి నిజాం కళాశాల ప్రథమాధ్యక్షుడు. గౌలిపురా పిల్లవానికి అట్టి తండ్రి యెక్కడ?

ఈ లోటు తీర్చుటకు వెలసినవే కులవసతిగృహములు. వానిలో మొదట తలపవలసినది రెడ్డి విద్యార్థి వసతిగృహము. 1918లో దీనికి మూలపురుషుడైనవారు రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు. వనపర్తి సంస్థానమున 1869లో పుట్టి, చిన్ననాటనే పోలీసు కొలువున చేరి, 1920లో హైదరాబాదు నగర కొత్వాలై 1934 వరకు ఆ పదవి నిర్వహించిరి. ఆ పదవి నెక్కిన మొదటి హిందువు వారే. వసతిగృహము స్థాపించునాటికి ఇంకను కొత్వాలు కాలేదు. తాము చదువుకొనవలసిన కాలమున కొలువులో నుండిన మనుష్యుడు, ఇతరుల బిడ్డల చదువునకు అంత పట్టుదల చూపుట గమనింపదగినది. చదువు దొరకనివానికే చదువు విలువ ఎక్కువ తెలియునేమో!

ఆ వసతిగృహమునకు చందాలిచ్చినవారు సంస్థానాధీశులు, జమీందారులు, దేశముఖులు. వారి పిల్లలకు ధనము కొరత లేదు. నగరమున తలదాచుకొను చోటును, నడవడి కనిపెట్టు పెద్దయు కొరత. ఇది మనము మరువరాని విషయము. ఆ వసతిగృహము తీర్చినది ముఖ్యముగా పల్లె నుండి పట్నము వచ్చినవాని కొరత. పట్నముననే యుండియు దీపము లేక, గది లేక, పుస్తకము లేక బాధపడువాని కొరత వేరు. దీనినిగూర్చి ముందు చెప్పెదను.

రెడ్డి వసతిగృహము భోజనశాలగా మాత్రమే యుండినచో దానిని గూర్చి చరిత్ర వ్రాయ నక్కరలేదు. అందు గ్రంథాలయము నెలకొల్పి పెంచినవారు సురవరం ప్రతాపరెడ్డిగారు. 1896లో పుట్టిన ఆ పండితుడు, న్యాయవాద పరీక్ష ముగించియు ఆ వృత్తిలో ధనార్జనకు పోక, కొన్ని యేండ్లు ఈ వసతిగృహ నిర్వహణ భారము వహించెను. అచ్చట నున్నకాలముననే 1926లో గోలకొండ పత్రికను స్థాపించెను. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్రమహాసభకు అధ్యక్షుడయ్యెను. 1939లో రాజా బహద్దూరువారి జీవితచరిత్రమును రచించినవారును ఆయనయే. పిల్లవాడు సాయంకాలము కళాశాలనుండి వచ్చి కూర్చుండిన గదిలో అట్టి మనుష్యుడు కనబడుచుండినయెడల, వేరు శిక్షకుడు కావలెనా? విద్యార్థికి ధనమిచ్చుటకంటె ఈ సాంగత్యమిచ్చుట కష్టము. నేడు వేలకొలది రూపాయలు పుచ్చుకొని పరీక్షలకు తరిఫీదిచ్చు సంస్థలు వీథికొకటి కలవు. వానిలో దొరకనిది ఇదియే.

ఆ గృహమున పెరిగినవారిలో రావి నారాయణరెడ్డిగారొకరు. భువనగిరి ప్రాంతపు భూస్వామి కుమారుడై, రెడ్డి వసతిగృహమున నుండి చదివి, పిమ్మట హరిజన సేవాసంఘమున పనిచేసి హరిజన విద్యార్థులకు వసతి కల్పించుటకు పాటుపడెను. తరువాత తెలంగాణ రైతాంగ పోరాటమునకు నాయకుడై భూస్వాముల నెదిరించెను. భూస్వాముల చందాలతో వెలసిన గృహము ఇట్టివానిని పెంచినది. దాతలలో కొందరికి ఇది రుచించి యుండదు. కాని చదువు చెప్పించుట యన్నది బిడ్డను తనవంటివానిగా పోతపోయుట కాదు గదా!

తదుపరి కాలమున ఇతర సంఘములును మేలుకొనినవి. కాచిగూడలో మున్నూరుకాపువారి వసతిగృహము, వైశ్య వసతిగృహము, హిమాయత్‌నగరులో గౌడ వసతిగృహము, ఇంకను పెక్కు. పటము ముందిడుకొని చూచినచో ఒక విషయము స్పష్టమగును. ఇవి యన్నియు మూసీకి ఉత్తరముననే! నిజాం కళాశాల, విశ్వవిద్యాలయము, రైలునిలయము, పత్రికలు, గ్రంథాలయములు ఆ గట్టున నుండుటచే వసతిగృహములును అచ్చటనే పుట్టుట సహజము. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును రెసిడెన్సీ బజారు ప్రాంతముననే పుట్టినది. పల్లెనుండి వచ్చిన తెలుగువాడు నాంపల్లిలోనో, కాచిగూడలోనో రైలుదిగి ఆ చుట్టుపట్లనే తలదాచుకొనెను. పాతనగరపు తెలుగువాడు తన యింట తానుండెను గాన, వానిని గూర్చి యెవరును తలపలేదు.

బాలికల విషయము క్లుప్తముగానైనను చెప్పక తప్పదు. 1928లో మాడపాటి హనుమంతరావుగారు, వారి మిత్రులు నారాయణగూడలో తెలుగు మాధ్యమమున బాలికల ఉన్నత పాఠశాల స్థాపించిరి. ఉస్మానియావారు దానిని గుర్తింపలేదు. అంత వారు పూనాలోని కర్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధించుకొనిరి. 1933లో రెడ్డి బాలికా వసతిగృహము నెలకొనినది. తెలుగులో చదివిన బాలికకు పరీక్ష పెట్టువారు వందల మైళ్ల దూరమున దొరకిరి గాని సొంత నగరమున దొరకలేదన్నమాట.

ఇక భాగ్యరెడ్డివర్మగారి కృషి. 1888లో మాదరి కుటుంబమున భాగయ్యగా జన్మించి, 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, 1910లో ఈసామియా బజారులో ఆదిహిందువుల బిడ్డలకై మొదటి పాఠశాల తెరచెను. క్రమముగా నగరమున అట్టి పాఠశాలలు ఇరువదికి మించినవి. వానిలో చదివినవి ప్రాథమిక తరగతులు, కళాశాలమాట దూరము. ఏ సంస్థానాధీశుని చందాయు లేక, ఊరూర తిరిగి హరికథలు, ఉపన్యాసములు ఏర్పాటుచేసి కూడబెట్టిన కాసులతో వెలసిన బడులవి. రెడ్డి వసతిగృహమును, ఈ బడులను ప్రక్కప్రక్కన నిలిపి చూచిన అన్యాయము తెలియును. ఒకరి పిల్లలకు కళాశాల చదువునకు గృహము కట్టుచుండగా, వేరొకరి పిల్లలకు మొదటి అక్షరము నేర్పుటకే గురువు దొరకుట గగనమయ్యెను. కులసంఘము తన బలముననుసరించియే తన బిడ్డలను ఎత్తగలదు. బలము లేని సంఘపు బిడ్డ నెవరెత్తవలెను? 1940ల కడపట బి. ఎస్. వెంకటరావుగారు మంత్రిగా నుండగా అణగారిన తరగతుల విద్యకై నిజాం ప్రభుత్వము కోటి రూపాయల నిధి యేర్పరచుటయు, భారత ప్రభుత్వము 1944లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను తరువాతి చదువునకు వేతనములు ప్రారంభించుటయు ఈ ప్రశ్నకు తొలి సమాధానములు. కులసంఘ సంచికలో ఈ మాట వ్రాయుట కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చును. వ్రాయకపోయినచో చరిత్ర సగము దాచినట్లగును.

1938 నవంబరులో జరిగిన సంఘటనమును గూడ తలపవలెను. ఉస్మానియా వసతిగృహములలో వందేమాతరము పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టిరి. చదువు నడుమ తెగిపోయిన వారిలో పెక్కురిని నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. హనుమకొండలో చదువుచుండిన పి. వి. నరసింహారావుగారును అట్లే నాగపూరునకు పోయిరి. హాలీ, కల్దారుల వట్టము వారికిని తప్పలేదు. తమ కులము, తమ మతము చూడక, ఎరుగని ఊరి విద్యాలయము తలుపు తెరచుటచేత ఆ పిల్లల చదువులు నిలిచినవి.

1948 తరువాత పరిస్థితులు మారినవి. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చెను. అంతవరకు లాభము పొందిన పాతనగరపు పిల్లలు ఆ యేటనుండి నష్టమున పడిరి. వీథిభాష కళాశాలలో పనికిరాకపోయెను. ఇంగ్లీషు నేర్పు బడులు నది కావల నుండెను. వేతనముల భారము క్రమముగా ప్రభుత్వముపై పడినది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా గురుకుల పాఠశాల ప్రారంభమైనది. ప్రవేశపరీక్షద్వారా పేదయింటి ప్రతిభావంతులను ఏరి, అన్నము పెట్టి చదివించుట దాని పద్ధతి. నాగపూరునకు పోవలసివచ్చిన విద్యార్థియే పిమ్మట ఈ పని చేయుట యాదృచ్ఛికమని నేననుకొనను. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వృత్తివిద్యలకు బోధనరుసుముల చెల్లింపు పథకమును విస్తరించినది. ఇటీవల మైనారిటీ గురుకులములు పాతనగరపు పిల్లలకును ఉపకరించినవి.

అట్లైన కులసంఘమునకు ఇంక పనియేమి? ఇది న్యాయమైన ప్రశ్న. మన కార్యవర్గమున కొందరు పెద్దలు నన్నడిగినారు కూడ. నేను నాలుగేండ్లుగా మన వీథులలోని పదవ తరగతి, ఇంటర్మీడియెటు పిల్లల ఇండ్లకు పోయి చూచుచున్నాను. రుసుము ప్రభుత్వము చెల్లించుననుట నిజమే. ఎప్పుడు చెల్లించును అన్నది వేరు సంగతి. బాకీలు సంవత్సరములతరబడి నిలిచిపోవుట, కళాశాల పిల్లవాని ధ్రువపత్రములు పట్టి యుంచుట పత్రికలు చదువువారికి క్రొత్తగాదు. ఇంజనీరింగునందు ప్రవేశపరీక్షలో 10,000 లోపు ర్యాంకు రానివానికి, వెనుకబడిన తరగతులవాడైనను, చెల్లింపు 35,000 రూపాయలకు పరిమితమను నియమము 2012 ప్రాంతమున వచ్చినది. కళాశాల రుసుము దానికి రెండు మూడు రెట్లుండగా తక్కిన దెవరియ్యవలెను? అందుపై ప్రవేశపరీక్షకు రుసుము, ఎంపిక ప్రక్రియకు రుసుము, ఇంట ఒక్కటే గది, అందే కుట్టుమిషనో, కొలిమియో, అంగడి సరుకో. పదునేడేండ్లవాడు రాత్రి పదిగంటలకు పుస్తకము తెరచుచున్నాడు. ఇవి ఏ ప్రభుత్వ పద్దులోను కనబడని ఖర్చులు. ప్రతిభ గల పిల్లవాడు ఓడిపోవుచున్నది పెద్ద ఖర్చు చూచి గాదు. జూన్, జూలై, ఆగస్టు ఈ మూడు నెలలలో పదివేలో, ఇరువదివేలో చేతికందక.

మన సంఘము గత మూడు వార్షికోత్సవములుగా భవననిధికి చందాలు వసూలు చేయుచున్నది. నేను భవనమునకు విరోధిని గాను. రాతిపై పేరు చెక్కించుకొనుట దాతలకు సంతోషము. ఆ సంతోషమును నేను నిందింపను. రెడ్డి వసతిగృహమునకును దాతల పేళ్లు కలవు. కాని ఆ గృహమును ఇల్లుగా మార్చినది అందలి గ్రంథాలయము, అందు కూర్చుండిన ప్రతాపరెడ్డి. మన పాతనగరపు పిల్లలకు పడక అక్కరలేదు, ఇల్లు కలదు. వారికి కావలసినది సాయంకాలము ఆరునుండి పదివరకు దీపమున్న ఒక పఠనశాల. గణితము, ఇంగ్లీషు చెప్పగల ఇద్దరు పెద్దవారు. పరీక్షల తేదులు, దరఖాస్తుల గడువులు, ధ్రువపత్రముల గోల తెలిసి వెంట తిరుగు ఒక మనుష్యుడు. తహసీలు కచేరినుండి ఆదాయ ధ్రువపత్రము సకాలమున తెచ్చిపెట్టు యువకుడు ఒక్కడున్న, పదిమంది పిల్లల సంవత్సరము నిలుచును. అర్జీ మోసికొని పోవువాడు నాడు కావలసివచ్చెను, నేడును కావలసియే యున్నాడు.

ధనమును దానముగా కాక అప్పుగా ఇచ్చుటయు ఆలోచింపదగినది. జంషెట్జీ తాతా 1892లో స్థాపించిన నిధి పరదేశ విద్యకు ఈ తీరుననే సహాయము చేయుచున్నది. చదువు ముగించి సంపాదించినవాడు తిరిగి చెల్లించును. ఆ ధనము మరియొకనికి పోవును. రాష్ట్రపతియైన కె. ఆర్. నారాయణను గారు 1940లలో లండనున చదివినది తాతావారి వేతనముతోనే. మనమట్టి పెద్ద మొత్తములకు తూగలేము. కాని ప్రభుత్వపు డబ్బు వచ్చువరకు కళాశాలలో కట్టవలసిన మొదటి వాయిదాను సంఘము బదులుగా నిచ్చి, వచ్చిన పిమ్మట తిరిగి తీసికొనవచ్చును. వడ్డీ వలదు, తాకట్టు వలదు. పిల్లవాని మాట చాలును. కొందరు తిరిగి యియ్యరని కోశాధికారిగారు ఆక్షేపించిరి. నిజమే, కొందరియ్యరు. భవనమునకు కట్టిన గోడలును కొన్ని బీటలు వారును.

పిల్లలను ఎంచు విషయమున ఒక్క మాట. ఇంతవరకు మన సభావేదికపై బహుమతులందుకొనినవారు పదవ తరగతిలో హెచ్చు మార్కులు తెచ్చుకొనినవారు. వారిలో సగముమందికి మన నూటపదహారు రూపాయల అవసరము లేదు. తొమ్మిదవ తరగతిలోనే గణిత ఉపాధ్యాయుని అడిగి, వీడు సమర్థుడు, వీని యింట లేమి కలదు అని ఆయన చెప్పిన పిల్లలను చేరదీయవలెను. బాలికలను సగమునకు తగ్గకుండ చేర్చవలెను. పదవ తరగతి ముగియగనే వివాహపు మాట లేచు ఇండ్లు మనలో ఇంకను కలవని తెలియనివారు మన సభలో లేరు. ఎంపికసంఘమునందు దాతల బంధువులు ఉండరాదు. పఠనశాలలో మాత్రము మన కులము పిల్లలు, ప్రక్కయింటి ఇతర కులముల, ఇతర మతముల పిల్లలు అందరును కూర్చుండవలెను. ధర్మవంత్ బడి ద్వారము కాయస్థులకే యని యుండినచో బూర్గులవారు అందు చదువగలిగి యుండెడివారు కారు.

ఈ సంగతులను తీర్మానరూపమున ఈ మహాసభ రెండవదినపు విషయనిర్ణాయక సభకు పంపియున్నాను. లాల్‌దర్వాజాలోని మా పాత యింటి మేడపై ఇరువదిమంది కూర్చుండదగిన గది ఒకటి కలదు. రెండు దీపములు, ఒక పెద్ద బల్ల సిద్ధముగా నున్నవి. భవనము లేచువరకు దానిని పఠనశాలకు వాడుకొనవచ్చునని వ్రాతమూలముగా తెలిపి, తాళపుచెవి కార్యదర్శిగారికి అప్పగించినాను.